ఎడమ దారిలో మనిషి

భూమి కింద చిక్కుకుపోయిన మనుషులను వెతికే రోబో కోసం సౌభాగ్య కొన్నేళ్లుగా పనిచేస్తోంది. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. రోబోకు గుంటలు దిగడం, రాళ్లెక్కడం నేర్పినవాళ్లు వేరు. మనిషిని చూస్తే మనిషని గుర్తుపట్టడం నేర్పింది ఆమె. నేర్పడమంటే మనిషి ఇలా ఉంటాడని వివరించడం కాదు. వేలకొద్దీ బొమ్మలు చూపించి, ఇందులో మనిషి ఉన్నాడు, ఇందులో లేడు అని చెబుతూ పోవాలి. చూడగా చూడగా దానంతటదే ఏవో ఆనవాళ్లు పట్టుకుంటుంది. ఏ ఆనవాళ్లు పట్టుకుందో మాత్రం చెప్పదు. పరీక్షలు పెట్టి, తప్పులు తగ్గుతున్నాయా లేదా అని చూసుకోవాలి. సౌభాగ్య పెట్టిన పరీక్షల్లో రోబో తప్పులు చేయడం దాదాపు మానేసింది.

ఇక నిజమైన చోట నడిపి చూద్దామన్నాడు ప్రొఫెసర్ మోహన్‌కుమార్. ఆ జట్టుకు ఆయనే పెద్ద. ముళబాగిలు పక్క పల్లెలో పుట్టి పైకొచ్చిన మనిషి, మాట నెమ్మది.

"కేజీఎఫ్ బంగారు గనుల కంటే మంచి చోటు యాడ దొరుకుతుంది సౌభాగ్యా? పైగా నీ ఊరే గదా" అన్నాడు.

ఆమె ఊరే. తాత పలమనేరు పక్కనుంచి వచ్చి గనిలో చేరాడు. నాన్న కూడా గని మూతపడేదాకా అందులోనే పనిచేశాడు. సౌభాగ్య పుట్టింది ఆండర్సన్‌పేటలో, గని కార్మికులకు కట్టించిన పెంకుటిళ్ల వరసల్లో. బంగారం తీశాక పారబోసిన సయనైడ్ మట్టి దిబ్బల మీద గాలి లేచినప్పుడు ఆరేసిన బట్టలు బూడిదరంగుకు తిరగడం ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆ దిబ్బల వెనక, భూమిలోకి ఏటవాలుగా దిగే పాత సొరంగాలు కొన్ని ఉన్నాయి. వాటిలో గట్టిగా ఉన్న ఒకదాని ముందుభాగం వాడుకోవడానికి అనుమతి దొరికింది. పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నారు. రోబోను నడిపే పని గిరీశ్‌ది. బంగారుపేట కుర్రాడు, ఇంజినీరింగ్ చదివి రెండేళ్ల కిందట జట్టులో చేరాడు. రోబో మేకపిల్లంత ఉంటుంది. ట్యాంకుకున్నట్టు గొలుసు చక్రాలు, పొట్టి మెడ మీద కెమెరా, లైటు. ఆండర్సన్‌పేట వాళ్లు దానికి తాబేలని పేరు పెట్టారు. కొన్నాళ్లకు గిరీశ్ కూడా తాబేలనే అనసాగాడు.

వానలు వెలిసిన ఒక పొద్దున, షెడ్డులో ఇడ్లీ పొట్లాలు విప్పుతుండగా దిబ్బకు అవతలి వైపునుంచి కేకలు వినిపించాయి. సౌభాగ్య, గిరీశ్ పరుగెత్తి వెళ్లారు. అక్కడున్న మరో సొరంగం కూలింది. ఎవరూ పోకూడని సొరంగం అది. అయినా పాత ఇనుప పైపులు కోసి అమ్ముకోవడానికి దొంగతనంగా పోయేవాళ్లున్నారు. నోట్లోనుంచి పొగ వచ్చినట్టు దాని నుంచి దుమ్ము వస్తోంది. సొరంగం ముందు హనుమప్ప అనే నడివయసు మనిషి తల పట్టుకొని కూర్చున్నాడు. వేళ్ల సందున నెత్తురు.

"నందీశ్ లోపలే ఉండాడప్పా" అంటున్నాడు అడిగినవాళ్లందరితో. "నా ఎనకాలే వస్తా ఉన్నాడు. తిరిగి చూస్తే లేడు."

నందీశ్ ఆటో తోలేవాడు. గిరాకీ లేని రోజుల్లో హనుమప్పతో కలిసి పైపులకు పోయేవాడు. ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, అతని భార్య మునిలక్ష్మి చేతులకు పిండి అంటుకొని ఉండగానే వచ్చేసింది. ఏడవలేదు. సొరంగం నోటికి ఎంత దగ్గరగా పోనిస్తే అంత దగ్గరగా పోయి నిలబడింది.

అగ్నిమాపక దళం వచ్చింది. అధికారి చిన్నవెంకటప్ప బూడిదరంగు మీసాల మనిషి. హనుమప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"యాడ ఉన్నాడు? ఏ పక్క?"

"లోపల రెండు దార్లు ఉండాయి సార్. కుడి పక్కకొకటి, ఎడం పక్కకొకటి. ఏది పట్టినాడో చూసుకోలే. దుమ్ములో ఏమీ అగుపడలే."

చిన్నవెంకటప్ప లోపలికి టార్చి వేసి చూశాడు. పైకప్పు నుంచి ఇంకా రాళ్లు రాలుతున్నాయి. మనుషుల్ని పంపితే వాళ్లూ పోతారు. దుంగలు నిలబెట్టుకుంటూ, కొంచెం కొంచెంగా తవ్వుకుంటూ పోవాలి. రెండు పక్కలా ఒకేసారి తవ్వితే ఉన్న కప్పు కూడా నిలవదు. ఏదో ఒక పక్క ఎంచుకోవాలి. ఆయన లేచి చుట్టూ చూసి సౌభాగ్యను గుర్తుపట్టాడు. వారం కిందటే షెడ్డుకు వచ్చి రోబోను చూసిపోయాడు.

"మేడమ్, మీ తాబేలు ఇందులోకి పోతాదా?"

సౌభాగ్య మోహన్‌కుమార్‌కు ఫోన్ చేసింది. "ఇంకా అడుగుతావేం, పంపు. మనం చేసింది దీనికోసమే గదా" అన్నాడాయన.

రోబో లోపలికి పోయింది. చెట్టు కింద బల్ల మీద స్క్రీన్ పెట్టుకొని గిరీశ్ నడుపుతున్నాడు. సౌభాగ్య పక్కన నిలబడింది. వేడిని పట్టే కెమెరా దానికి ఇంకా అమర్చలేదు. మోటార్ల రొదలో చిన్న శబ్దాలు వినిపించవు. చూపొక్కటే దాని బలం. ఎడమ దారిలోకి పోయినంత మేరా బూడిదరంగు రాళ్లు, విరిగిన దుంగలు. స్క్రీన్ మీద ఒక్కో దాని చుట్టూ చిన్న గీతల పెట్టె ఏర్పడి, పైన పేరు పడుతోంది. రాయి. దుంగ. రాయి. రాయి. దారి మూసుకుపోయిన చోట రోబో కాసేపు ఆగి, మెల్లగా వెనక్కి తిరిగింది. కుడి దారిలో కొంత దూరం పోగానే పసుపుపచ్చ పెట్టె మెరిసింది. మనిషి. నమ్మకం ఎనభై శాతం పైనే. పడిపోయిన దుంగ కింద హెల్మెట్, దాని దిగువన బూటు.

గిరీశ్ చప్పట్లు కొట్టబోయి మానుకున్నాడు. చిన్నవెంకటప్ప స్క్రీన్ మీదికి వంగాడు.

"ఎడమ పక్క?"

"ఎవరూ లేరు సార్" అంది సౌభాగ్య.

"ఖచ్చితంగానా?"

"మొత్తం చూసింది సార్. ఎవరూ లేరు."

ఆయన తన మనుషుల్ని కుడి పక్కకు పంపాడు. పొద్దు నడినెత్తికొచ్చినా, అక్కడినుంచి వాలినా తవ్వుతూనే ఉన్నారు. దుంగ నిలబెట్టడం, రాయి లాగడం, మళ్లీ దుంగ. చివరికి లోపలినుంచి ఒకతను వచ్చి చేతిలో ఉన్నది చిన్నవెంకటప్ప ముందు పెట్టాడు. తుప్పు పట్టిన హెల్మెట్, అట్టలా బిగుసుకుపోయిన కోటు, రబ్బరు బూట్లు. గని నడిచిన కాలంలో ఎవరో వదిలిపోయినవి. లోపల మనిషి లేడు.

అందరికన్నా ముందు మాట్లాడింది మునిలక్ష్మి. "ఇవి ఆయనవి గాదు. ఆయనకు బూట్లు యాడివి? పొద్దున పోయేటప్పుడు చెప్పులు గూడా ఏసుకోలే."

ఆమె మాటల్లో కోపం లేదు. వాళ్లు ఆ ఒక్క సంగతి ముందే అడిగి ఉంటే చెప్పేదాన్నన్నట్టు చెప్పింది.

అప్పుడు ఎడమ పక్క తవ్వడం మొదలుపెట్టారు. పొద్దు కుంకుతుండగా నందీశ్‌ను బయటికి తెచ్చారు. బతికే ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి పైనుంచి దుంగ కింద నలిగిపోయింది. తల నుంచి పాదాల దాకా బూడిదరంగు మట్టి. కళ్లు తెరిచినప్పుడు గానీ మొహం ఎక్కడుందో తెలియలేదు. ఆండర్సన్‌పేట అంతా అక్కడే ఉంది. ఈలలు, కేకలు, చప్పట్లు. ఎవరో వచ్చి గిరీశ్‌ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు.

మరుసటి రోజు పేపర్లలో రోబో ఫోటో పడింది. గని సొరంగంలో చిక్కుకున్న మనిషిని కాపాడటానికి రోబో తోడ్పడిందని రాశారు. అదే రోజు కోలారు ఆసుపత్రిలో నందీశ్ చెయ్యి తీసేశారు. నాలుగైదు గంటలు ముందు తెచ్చి ఉంటే నిలబెట్టే వీలుండేదని డాక్టరు మునిలక్ష్మితో అన్నాడు. ఆ మాట ఆసుపత్రి నుంచి ఆండర్సన్‌పేటకు వచ్చింది. చిన్నవెంకటప్ప రాబర్ట్‌సన్‌పేట బజారులో కనబడితే జనం చుట్టుముట్టారు. మనిషి ఒక పక్కనుంటే ఇంకో పక్క తవ్వి పొద్దంతా పోగొట్టినాడని కేకలేశారు. ఆయన మీద విచారణ మొదలైంది. సౌభాగ్య సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. రోబో ఇచ్చేది సమాచారం మాత్రమేననీ, ఎక్కడ తవ్వాలన్నది అక్కడి అధికారి నిర్ణయమనీ.

ప్రకటన చదివాక సౌభాగ్య సాయంత్రం పండ్లు తీసుకొని ఆసుపత్రికి వెళ్లింది. నందీశ్ దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. కుడి భుజం దగ్గర కట్టు, దాని కింద ఖాళీ. మునిలక్ష్మి స్టూలు జరిపి ఆమెను కూర్చోమంది.

"మీరేనా మేడమ్, తాబేలు వాళ్లు?" అన్నాడు నందీశ్.

"అవునప్పా."

"మీ తాబేలు నా కాడికి వచ్చినాది."

సౌభాగ్యకు అర్థం కాలేదు. "ఏమన్నావు?"

"నా కాడికి వచ్చినాది మేడమ్. చీకట్లో పడుండాను. దూరంగా లైటు అగుపడినాది. మనుషులొచ్చినారు అనుకొంటి. చూస్తే ఇది. దగ్గరికి వచ్చి నిలబడినాది. లైటు నా మొగం మీద పడినాది. నోరంతా మన్ను, అరుద్దామంటే గొంతు లేదు. కండ్లు మూసి తెరిసినాను. ఎడం చేతి వేళ్లు ఆడించినాను. అది నన్ను చూసినాది. చూసి, మెల్లగా తిరుక్కొని పోయినాది."

మునిలక్ష్మి అతని కాళ్ల మీది దుప్పటి సర్దింది. ఈ మాటలు ఆమె అంతకుముందే విని ఉంటుంది.

"మనుషుల్ని పిలుచుకొని రావడానికి పోయిందేమో అనుకొన్నా" అన్నాడు నందీశ్. "అందుకే అప్పుడు ధైర్యం వచ్చినాది. ఇంగ వస్తారు, ఇంగ వస్తారు అని చూసినా. పక్కన యాడో తవ్వే చప్పుడు. నా కాడికి ఎవరూ రాలే. ఎందుకు పోయినాది మేడమ్?"

సౌభాగ్య కనుక్కొని వచ్చి చెబుతానంది. అతను సరేనన్నాడు.

మరుసటి రోజు పొద్దున షెడ్డులో గిరీశ్, ఆమె ఆ రోజు రికార్డయిన వీడియో తీశారు. రోబో ఎడమ దారి చివర ఆగిన చోట మెల్లగా, ఒక్కో బొమ్మగా నడిపారు. మొదట ఇద్దరికీ రాళ్లే కనిపించాయి. తర్వాత గిరీశ్ వేలు స్క్రీన్ మీద ఆగిపోయింది. రాయి అని పేరు పడిన పెట్టెలో రెండు కళ్లు మూసుకొని తెరుచుకున్నాయి. ఇంకో పెట్టె, దాని మీదా రాయి అనే ఉంది, అందులో నాలుగు వేళ్లు కదిలాయి. రోబో కావలసినంతసేపు చూసింది. ఆ తర్వాతే తిరిగింది.

"మేడమ్, నేనూ చూస్తానే ఉండాను ఆ పొద్దు" అన్నాడు గిరీశ్. "బొమ్మ చూడలే. పేర్లే చదువుకొంటూ పోయినాను."

"నేను కూడా" అంది సౌభాగ్య.

ఆమె లేచి బూట్లు విప్పింది. హెల్మెట్, నారింజరంగు కోటు తీసి పక్కన పెట్టింది. దిబ్బ దగ్గరికి పోయి దోసిళ్లతో మట్టి మొహానికి, జుట్టుకు, చేతులకు పూసుకొని తమ సొరంగంలోకి వట్టి కాళ్లతో నడిచింది. గోడవారగా రాళ్ల మధ్య పడుకొని తాబేలును పంపమని కేకేసింది.

కింద రాళ్లు వీపుకు గుచ్చుకుంటున్నాయి. మట్టి వాసన ముక్కులోకి ఎక్కుతోంది. గొలుసు చక్రాల చప్పుడు దగ్గరైంది. లైటు మలుపు తిరిగి మొహం మీద పడింది. అది తాను నేర్పిన యంత్రం. దాని మెడ ఏ కోణంలో తిరుగుతుందో, కెమెరా ఎంత సేపు నిలుస్తుందో ఆమెకు తెలుసు. అయినా ఆ వెలుగులో పడుకున్నప్పుడు, ఇది నన్ను చూసింది అనే అనిపించింది. చెయ్యి ఎత్తి ఊపింది. రోబో కాసేపు నిలిచి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. దాని వెలుగు గోడ మీద పాకుతూ మలుపు దాటింది. చీకటైంది. బయటినుంచి గిరీశ్, "రాయి అంటా ఉండాది మేడమ్!" అని అరిచాడు.

తర్వాత బూట్లు తొడుక్కొని, హెల్మెట్ పెట్టుకొని అదే చోట పడుకుంది. ఈసారి రోబో మనిషి అంది. బూట్లూ హెల్మెట్టూ విప్పి ఒక కర్రకు తగిలించి రాళ్ల మీద పడేశారు. దాన్నీ మనిషే అంది.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దానికి చూపించిన బొమ్మల్లో సొరంగాల్లో, శిథిలాల్లో పడుకున్నవాళ్లంతా సంస్థ విద్యార్థులే. భద్రత నియమాల ప్రకారం హెల్మెట్, కోటు, బూట్లు లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు. రోబో మనిషికి ఆనవాళ్లుగా పట్టుకున్నవి అవే. పరీక్షలు కూడా అలాంటి బొమ్మలతోనే పెట్టారు కాబట్టి ప్రతిసారీ గెలిచింది.

సౌభాగ్య ఆ మధ్యాహ్నమే బెంగళూరు వెళ్లి మోహన్‌కుమార్‌కు రెండు వీడియోలూ చూపించింది. ఆయన నందీశ్ కళ్లు తెరిచిన చోట కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సరిచేద్దాం" అన్నాడు. "కొత్త బొమ్మలు తీద్దాం, మళ్లీ నేర్పుదాం. కానీ బయట ఇప్పుడే వద్దు. ఇప్పుడు చెబితే ఈ పనే ఆగిపోతుంది సౌభాగ్యా. రేపు ఇంకెవరో యాడో చిక్కుకుంటే వెతకడానికి ఏమీ ఉండదు. ఆలోచించు."

"చిన్నవెంకటప్ప గారి సంగతి సార్?"

"ఆయన్నేం చేస్తారు? విచారణ అన్నాక అడుగుతారు, వదిలేస్తారు. రోబో చెప్పిందని గుడ్డిగా తవ్వమని మనం అనలేదు గదా."

"ఎడమ పక్క ఎవరూ లేరని చెప్పింది రోబో కాదు సార్. నేను. ఖచ్చితంగానా అని అడిగితే అవునన్నాను."

ఆయన ఆమె వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు. "నీకు చెప్పాల్సింది చెప్పినాను" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని ఆ రాత్రి బస్సులోనే ఆమె నిశ్చయించుకుంది. మరునాడు చిన్నవెంకటప్పను కలిసింది. అగ్నిమాపక స్టేషన్ ఆవరణలో కుర్రాళ్లు నీళ్ల గొట్టాలు ఎండబెడుతున్నారు. ఆయన ఫోన్‌లో వీడియో చూసి, మళ్లీ ఒకసారి చూసి తిరిగి ఇచ్చాడు.

"బజార్లో నన్ను ఎన్ని మాటలు అన్నారో తెలుసునా అమ్మా? నా కూతురు కాలేజీకి పోవడం మానేసినాది."

"నా వల్లే సార్."

"నీ వల్లే" అన్నాడాయన. "నిన్నొక్కదాన్నే అనుకొంటే నాకూ సులువే. కానీ ఆ పొద్దు నువ్వు ఎవరూ లేరు అనగానే నా గుండె మీది బరువు దిగినాది. ఏ పక్క తవ్వాల అని నేను తేల్చుకొనే పని తప్పినాది గదా అని. ఒక మనిషిని లోపలికి కొంచెం దూరం పంపి పేరు పెట్టి పిలిపించి ఉండొచ్చు. పిలిపించలే."

"విచారణకు నేనొచ్చి చెబుతాను సార్."

"రా" అన్నాడు. టీ ఇప్పించలేదు.

ఆమె వెళ్లింది. వీడియోలు చూపించి, ఎడమ పక్క ఎవరూ లేరని తానే చెప్పానని చెప్పింది. గిరీశ్ కూడా పిలవకుండానే వచ్చి అదే చెప్పాడు. చిన్నవెంకటప్ప మీద నిర్లక్ష్యం అనే మాట తీసేశారు. పేపర్లు ఈసారి వేరే విధంగా రాశాయి. మనిషిని రాయి అనుకున్న రోబో అని. సంస్థ కేజీఎఫ్ పని ఆపేసింది. షెడ్డు పీకేశారు. మోహన్‌కుమార్ ఆమెతో అవసరమైనంత మేరకే మాట్లాడేవాడు. జట్టులోంచి తీసేస్తారనుకుంది గానీ తీసేయలేదు. ఒక రోజు ఆయనే ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "నువ్వు మట్టిలో పడుకున్న వీడియో ఉంది చూడు, అది రోజూ చూస్తున్నాను. మళ్లీ మొదటినుంచి నేర్పు. ఈసారి ఎవరూ లేరు అనే మాట దాని నోట రాకూడదు" అని వెళ్లిపోయాడు.

మొదటినుంచి నేర్పడానికి బొమ్మలు కావాలి. నిజంగా చిక్కుకున్న మనిషి వీడియో ఆమె దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని వాడుకోవాలంటే నందీశ్‌ను అడగాలి. ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు కూడా బాకీ ఉంది.

ఆండర్సన్‌పేటలో నందీశ్ ఇంటి ముందు ఆటో టార్పాలిన్ కప్పుకొని ఉంది. అతను గడప మీద కూర్చొని ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. సౌభాగ్యను చూసి లోపలికి రమ్మన్నాడు. మునిలక్ష్మి కాఫీ కలిపి ఇచ్చింది. సౌభాగ్య బూట్ల సంగతి, హెల్మెట్ సంగతి, మట్టి సంగతి అన్నీ చెప్పింది. దాచకుండా చెప్పింది.

"అంటే బూట్లు ఏసుకొని పోయింటే చూసేది నన్ను" అన్నాడు నందీశ్ చివరికి.

"చూసి ఉండేదప్పా."

"చూపించు మేడమ్, అదేం చూసిందో."

"వొద్దు" అంది మునిలక్ష్మి.

"చూపించమను."

సౌభాగ్య ఫోన్ అతని చేతికిచ్చింది. అతను దాన్ని మోకాళ్ల మీద ఆనించుకొని చూశాడు. మునిలక్ష్మి గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఇదా నేను?" అన్నాడు. మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. "నాకే రాయి మాదిరి అగుపడతా ఉండాను గదా." తర్వాత, "ఆడ చూడు, వేళ్లు" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియలేదు.

సౌభాగ్య అడగాల్సింది అడిగింది. ఈ వీడియో చూపిస్తే రోబో నేర్చుకుంటుందని, ఇంకొకరికి ఇలా కాకుండా ఉండే వీలుంటుందని, ఇష్టం లేకపోతే వాడనని.

"నన్ను చూసి నేర్చుకొంటాదా?"

"అవునప్పా."

"నా ఒక్కడితో అయిపోతాదా? ఇంగా ఎంతమంది ఇట్ల పడుకొంటే దానికి పూర్తిగా వస్తాది?"

ఆమెకు తెలియదు. తెలియదనే చెప్పింది.

నందీశ్ ఫోన్ ఆమె వైపు జరిపాడు. "వొద్దు మేడమ్. ఆ పొద్దు నేను దాని లెక్కలోకి రాలే. ఇప్పుడు గూడా రాను."

"ఇంకెవరికైనా..." అని మొదలుపెట్టింది సౌభాగ్య.

"ఆయన చెప్పినాడు గదా" అంది మునిలక్ష్మి, ఇటు తిరిగి. "పోయిరామ్మా." గ్లాసు తీసుకోవడానికి చెయ్యి చాపింది. కాఫీ అందులో అలాగే ఉంది.

ఆ వీడియోను సౌభాగ్య వాడలేదు. తానూ గిరీశ్ వట్టి కాళ్లతో, మట్టి పూసుకొని పడుకున్నారు. కూలి పనులకు పోయే బట్టల్లో, లుంగీల్లో, చీరల్లో ఒప్పుకున్నవాళ్లను పడుకోబెట్టి కొత్త బొమ్మలు తీశారు. రోబో ఇప్పుడు మనిషి లేడని ఎక్కడా చెప్పదు. నమ్మకం లేని చోటల్లా బొమ్మ మీద నల్లటి నీడ పరుస్తుంది. అక్కడ మీరు చూసుకోండి అన్నట్టు. బాగా పనిచేస్తోందని అందరూ అన్నారు. బాగా అన్నప్పుడల్లా సౌభాగ్యకు ఇదివరకు కూడా అలాగే అన్నారని తోచేది.

మరుసటేడు ఎండలు ముదిరినప్పుడు చిన్నవెంకటప్ప ఫోన్ చేశాడు. అప్పటికి ఇద్దరూ మాట్లాడుకొని చాలా నెలలైంది. బంగారుపేట మార్కెట్ వెనక పాత గోడౌన్ గోడ కూలిందనీ, కాపలా ఉండే సొన్నప్ప అనే ముసలాయన కనిపించడం లేదనీ చెప్పాడు.

"మీ మిషన్ తెస్తావా అమ్మా? ఈసారి నువ్వూ చూడు, నేనూ చూస్తాను."

వెళ్లారు. రోబోను కూలిన గోడ కిందికి పంపారు. చిన్నవెంకటప్ప ప్రతి కొన్ని అడుగులకూ మోటార్లు ఆపించి, సందులోకి వంగి, "సొన్నప్పా! ఓ సొన్నప్పా!" అని పిలిచి చెవి పెట్టి విన్నాడు. స్క్రీన్ మీద ఇటుకలు, చింతపండు బుట్టలు, నల్లటి నీడలు. ఒక్కో నీడనూ ఇద్దరూ వంగి చూశారు. ఏమీ లేదు. అయినా చేతులతో ఇటుకలు తీయించసాగాడు.

మధ్యాహ్నం రైలుకు సొన్నప్ప దిగాడు. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా కుప్పంలో బంధువుల ఇంటికి పోయి వచ్చాడట. భుజాన సంచీతో గుంపు వెనక నిలబడి, ఏమైందని పక్కవాణ్ణి అడిగాడు. గుంపంతా గొల్లున నవ్వింది. ఎవరో ఆయన వీపు మీద చరిచారు. గిరీశ్ నవ్వుతూ రోబోను వెనక్కి రప్పించడానికి కంట్రోలర్ మీది స్టిక్ తిప్పాడు.

"ఆగు" అంది సౌభాగ్య.

చిన్నవెంకటప్ప ఆమెను చూశాడు. "లేడు కాబట్టే అగుపడలేదమ్మా. ఈసారి నిజంగానే లేడు. ఆడ నిలబడుండాడు, చూడు."

"ఇంకెవరైనా ఉంటే సార్?"

"ఎవరూ లేరంటా ఉండారు గదా అందరూ."

"అంటున్నారు" అంది ఆమె.

స్క్రీన్ మీద, గోడ మూలన, ఇంకా రెండు నల్లటి నీడలు మిగిలి ఉన్నాయి. ఆమె గిరీశ్ చేతిలోంచి కంట్రోలర్ తీసుకొని రోబోను మళ్లీ లోపలికి తిప్పింది. గుంపు కరిగిపోతోంది. చిన్నవెంకటప్ప స్టూలు లాక్కొని ఆమె పక్కన కూర్చున్నాడు.